చెల్లెలు వదిలేసిన ప్రశ్న

పోయిన వారం చిత్తూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. మేనకోడలికి తిరుపతిలో ఒక కాలేజీలో సీటు వచ్చింది. మామ వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి పోవాలని పిలుపు. మంచి మాటలు చెప్పడం నాకు ఉద్యోగంతో పాటు అలవాటైన పని. వ్యవసాయ శాఖలో ఇన్నేళ్ళు పనిచేసినవాడికి వాన రాకపోయినా మాటలు మాత్రం వస్తాయి. కాఫీ తాగి, ఈజీ చైర్లో కాళ్ళు చాపుకున్నానో లేదో, ఆ పిల్ల ఫోన్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. కాలేజీవాళ్ళు పంపిన నిబంధనలట, పేజీలకు పేజీలు. "మామా, ఈ క్రెడిట్లేంది, ఈ గ్రేడు పాయింట్లేంది? సదివేకొద్దీ తల తిరగతా ఉండాది. నువ్వు ఇట్లాంటి కాలేజీలోనే సదివినావు కదా, చెప్పు" అంది. నేను గొంతు సవరించుకున్నాను. కళ్ళజోడు కూడా సర్దుకున్నాను. వంటింటి గడప దగ్గర కూర్చుని మునగాకు దూస్తున్న మా చెల్లెలు తలెత్తకుండానే, "ఆ ఒక్క సంగతి మాత్రం మీ మామని అడగొద్దు పాపా" అని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ చెవులు వేడెక్కాయి. జుట్టు తెల్లబడ్డాక కూడా చెవులు వేడెక్కుతాయని అంతకుముందు నాకు తెలియదు.

మా ఊరు ఐరాలకు దగ్గర్లోనే. చెరుకు, వేరుశనగ, కాస్త వరి. తాత తవ్వించిన బావి ఒకటి ఉండేది. నాయనా పెదనాయనా భాగాలు పంచుకున్నప్పుడు ఇల్లు రెండైంది, పొలం రెండైంది, పశువులు కూడా రెండు పాకల్లోకి పోయాయి గానీ బావిని రెండు చేయడం ఎవరి తరమూ కాలేదు. అందుకని ఒక రోజు వాళ్ళ వంతు, ఒక రోజు మా వంతు. మా నాయన చదువు పలకతోనే ఆగిపోయింది గానీ నీళ్ళ వంతుల లెక్కలో ఆయన్ని బోల్తా కొట్టించేవాడు ఆ చుట్టుపక్కల లేడు. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, పోయిన గంట ఎవరి ఖాతాలో పడాలి, ఏ మడి తడిసింది, ఏ మడి నోరు తెరుచుకుని ఉంది, అన్నీ నోటి లెక్కే. ప్రపంచంలో ఏ సంగతి అయినా ఆయన చివరికి నీళ్ళ వంతులోకి తెచ్చి అర్థం చేసుకునేవాడు. అర్థమైందంటే మరి ఎవరు చెప్పినా వినేవాడు కాదు. ఈ బావి గొడవ ఇప్పుడెందుకంటే, నా చదువు కథకు మూలం ఆ బావే.

తొంభైల మొదట్లో నాకు తిరుపతిలో వ్యవసాయ డిగ్రీ చదివే కాలేజీలో సీటు వచ్చింది. పేరు అక్కర్లేదు, ఇందులో కాలేజీ తప్పేమీ లేదు. మొదటి రోజే అందరి చేతుల్లో ఒక చిన్న నీలం రంగు పుస్తకం పెట్టారు. పాసవడం ఎలా, తప్పడం ఎలా, తప్పితే ఏమవుతుంది, అన్నీ అందులో ఉన్నాయట. ఉన్నాయట అని ఎందుకంటున్నానంటే నేను దాన్ని చదవలేదు. హాస్టల్లో నాకిచ్చిన మంచానికి ఒక కాలు పొట్టి. పుస్తకం మందం ఆ కాలికి సరిగ్గా సరిపోయింది. దాని మీదే హాయిగా నిద్రపోయాను.

ఆ కాలేజీ పద్ధతి మా ఊరివాళ్ళకు కొత్త. మా ఊళ్ళో మార్కులంటే నూటికి ఎన్ని అనే. అక్కడ అలా కాదు. ఒక సబ్జెక్టుకు వారంలో క్లాసు ఎన్ని గంటలో, ల్యాబు ఎంతో చూసి దానికిన్ని క్రెడిట్లని ఇస్తారు. వచ్చిన మార్కుల్ని గ్రేడుగా మారుస్తారు, గ్రేడును పాయింట్లుగా మారుస్తారు, పాయింట్లను క్రెడిట్లతో హెచ్చవేస్తారు, అన్నీ కూడి మొత్తం క్రెడిట్లతో భాగిస్తారు. చివరికి మిగిలేది నాలుగుకు ఇంత అని ఒక సగటు. అంటే పెద్ద సబ్జెక్టులో జారితే పెద్ద దెబ్బ, చిన్నదాంట్లో జారితే చిన్న దెబ్బ. ఇంత తేలిగ్గా ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు నాకూ ఇది పొగమంచే. మొదటి సెమిస్టరులో నాకు రెండున్నర వచ్చింది. నాయన టీ కొట్టులో గొప్పగా చెప్పేశాడు. పెదనాయన టీ గ్లాసు దించి, "నాలుక్కి రెండున్నరా? అంటే ఒకటిన్నర కాలు కుంటు. ఆ ఎద్దుని సంతలో ఎవుడు కొంటాడప్పా?" అన్నాడు. ఊరంతా నెల రోజులు నవ్వింది. సెలవులకు బస్సు దిగితే చాలు, నా నడక వైపు చూసేవాళ్ళు.

కుంటు నిజంగానే వచ్చింది. రెండో సెమిస్టరులో స్టాటిస్టిక్స్ అనే సబ్జెక్టులో ఫెయిలయ్యాను. సగటులు, సంభావ్యతలు, ఒక పొలంలో దిగుబడికీ ఇంకో పొలంలో దిగుబడికీ ఉన్న తేడా నిజమైందా, గాలివాటుగా వచ్చిందా అని తేల్చే లెక్కలు. చెరుకు పండించడానికి ఇదంతా ఎందుకని నాయన అడిగాడు, నా అభిప్రాయమూ అదే. అయితే ఆ కాలేజీలో ఒక సబ్జెక్టు పోయినంత మాత్రాన ఏడాది పోదు. రెండో ఏడుకు పైకి పంపేస్తారు, పోయిన సబ్జెక్టును మాత్రం మళ్ళీ అది నడిచేటప్పుడు, అంటే మరుసటి ఏడు, కింది తరగతి పిల్లలతో కూర్చుని చదవాలి. నేను ఇంట్లో, "ఒక సబ్జెక్టు మిగిలింది నాయనా" అన్నాను. ఆయన దాన్ని దున్నకుండా మిగిలిన సాలు అనుకున్నాడు. "మిగిలితే దున్నుకో, దానికేంది" అన్నాడు. రెండో ఏడుకు పోయానంటే మొదటి ఏడు పాసైనట్టే కదా ఆయన లెక్కలో. నేనూ ఆ లెక్క దిద్దలేదు.

అదే ఏడు మా చెల్లెలికి అదే కాలేజీలో సీటు వచ్చింది. నాలాగా ఆఖరి జాబితాలో కాదు, మొదటి జాబితాలో. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ అదో రకం. వానలు మోసం చేసిన ఏట చేనంతా వాలిపోతే, వాలకుండా నిలబడిన వేరుశనగ చెట్లను వెతికి, అమ్మ పాత చీర అంచును పీలికలు చేసి వాటికి కట్టేది. ఆ చెట్ల కాయల్ని విడిగా దాచి, మరుసటి ఏడు పెరట్లో చిన్న మడి చేసి విత్తేది. ఏమిటే ఇది అంటే, ఎండకు తట్టుకునే రకం తీస్తానని చెప్పేది. మేము నవ్వేవాళ్ళం. కాలేజీలో చేరేటప్పుడు కూడా విత్తనాల పరిశోధన దాకా చదువుతానని చెప్పే చేరింది. ఆడపిల్లను అంత దూరం పంపడానికి నాయన ఒప్పుకున్నది మాత్రం ఆ విత్తనాల కోసం కాదు. "అన్న ఉండాడు కదా ఆడ, సూసుకుంటాడు" అనే ధైర్యంతో.

అన్న ఎలా చూసుకున్నాడో చెబుతాను. స్టాటిస్టిక్స్ మొదటి క్లాసు. చెల్లెలు మొదటి బెంచీలో, నేను ఆఖరి బెంచీలో. సారు హాజరు పిలుస్తున్నారు. కొత్త పిల్లల పేర్లన్నీ అయిపోయాక ఒక క్షణం ఆగి, మళ్ళీ చదువుతున్నవాళ్ళ పేర్లు మొదలుపెట్టారు. ఆ ఆగడం ఎందుకో క్లాసుకంతా తెలుసు. నా పేరు పిలవగానే తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఇంటిపేరు ఒకటే కదా, కొన్ని తలలు మళ్ళీ ముందుకు తిరిగి మా చెల్లెల్ని చూశాయి. ఆమె ఒక్కతే తిరగలేదు. రెండు జడలూ కదలకుండా, నల్లబల్ల మీద అప్పటికి ఏమీ రాసి లేకపోయినా, దాన్నే చూస్తూ కూర్చుంది. నేను "ప్రెజెంట్ సార్" అన్న గొంతు నాకే వినపడలేదు. సారు నగరి వైపు మనిషి, మగ్గాల ఇంట్లో పుట్టినవాడు, మంచి మనసే. "గట్టిగా చెప్పప్పా, ఈడ అందురూ మనోళ్ళే" అన్నారు. ఆ మనోళ్ళే అన్న మాటకు క్లాసు గొల్లున నవ్వింది. ఆ గది కిటికీలోంచి తిరుమల కొండ కనిపించేది. ఆ సెమిస్టరంతా నేను పుస్తకాన్ని చూసినంత సేపు కొండను కూడా చూశాను.

ఇంతలో నాయన వచ్చాడు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కే మొక్కుంటే తీర్చుకుని, గుండుతో, గంధంతో, తువ్వాలులో వేరుశనగ ఉండలు మూటగట్టుకుని నేరుగా కాలేజీకి వచ్చాడు. క్లాసు వదిలారు. మొదటి ఏడు పిల్లలతో పాటు చెల్లెలూ, నాలుగడుగుల వెనక నేనూ బయటికి వచ్చాం. ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. రెండో ఏడు చదివే కొడుకు మొదటి ఏడు గదిలోంచి ఎందుకు వస్తాడు? ఆయనకు తోచిన జవాబు ఒకటే. నా భుజం మీద చెయ్యేసి, "నీ పాఠాలు ఇడిసిపెట్టి చెల్లెలికి తోడు కూసుంటా ఉండావా నాయనా?" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. నేను కింద చూశాను. చెల్లెలు తువ్వాలు మూట విప్పి, "ఉండలు అమ్మ చేసిందా, నువ్వే చేసినావా?" అని అడిగి మాట మార్చేసింది. ఇక ఊరికి పోయి ఆయన చెప్పుకోవడం మొదలుపెట్టాడు. కుంటెద్దు పోయింది, చెల్లెలికి కావలి కాసే అన్న వచ్చాడు. పెదనాయన కూడా, "వాడికి సదువు రాకపోతే పోయె, గుణముండాది" అన్నాడట. జీవితంలో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అదే.

హాస్టల్లో మాకొక పెద్దన్న ఉండేవాడు. కాలేజీలో అందరికంటే ఎక్కువ ఏళ్ళుగా ఉన్నవాడు కాబట్టి నియమాలన్నీ అతనికే తెలుసునని మా గట్టి నమ్మకం. అన్నేళ్ళు ఎందుకున్నాడో అని ఎవరికీ అనుమానం రాలేదు. నేను ఫెయిలైన రోజు అతను నా పక్కన కూర్చుని రహస్యం విప్పాడు. సారు ముందు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు ఎవరికొచ్చాయో చూస్తాడట. అందులో సగం దగ్గర గీత గీస్తాడట. గీత కింద ఉన్నవాళ్ళంతా పోయినట్టే. టాపరుకు నూరు వస్తే యాభై తెచ్చుకోవాలి, టాపరుకు ఎనభై వస్తే నలభై చాలు. "నువ్వు పోయింది నీ వల్ల కాదప్పా, మీ క్లాసులో ఆ కళ్ళజోడోడు తెచ్చుకున్న మార్కుల వల్ల" అన్నాడు. ఆ మాట నాకు ఎంత చల్లగా తగిలిందో చెప్పలేను. నా ఫెయిలు నాది కాదు, ఇంకొకడిది! ఆ సిద్ధాంతాన్ని నేను నిజమో కాదో చూడలేదు, గుండెలో పెట్టుకున్నాను.

పరీక్షకు ముందు చదువుకోమని సెలవులిచ్చారు. ఇద్దరం ఊరికి వచ్చాం. విత్తనాల కాలం. నడవలో వేరుశనగ కాయల కుప్ప పోసుకుని ఇంటిల్లిపాదీ వలుస్తున్నాం. విత్తనానికి మిషన్లో ఆడిస్తే పప్పు దెబ్బ తింటుందని మా ఇంట్లో చేత్తోనే వలిచేవాళ్ళు. కాయల మీద కాస్త నీళ్ళు చిలకరించి, బొటనవేలితో ముక్కు నొక్కితే టప్పున విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకున్నా మధ్యాహ్నానికి వేళ్ళు మండిపోతాయి. ఆ మంటలో, ఆ మట్టి వాసనలో నాకు భయం పొంగింది. సగటు రెండుకు కిందికి దిగితే కాలేజీ నుంచి ఇంటికి పంపేస్తారు. నాది అప్పటికే అంచు మీద ఉంది. స్టాటిస్టిక్స్ ఈసారి కూడా పోతే నేను చెరుకు తోటలోకే. కావలి కాసే అన్న అనే బిరుదుతో ఆ మాట దాచుకోవడం ఇక నా వల్ల కాలేదు. నాయనకు చెప్పేశాను. తోడు కూర్చోవడం లేదు, నేనే మళ్ళీ చదువుతున్నాను, ఈసారి పోతే ఇంతే సంగతులని.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. కాయల్ని పక్కకు నెట్టి, "ఎందుకు పోయిందిరా?" అని అడిగాడు. నేను హాస్టల్ పెద్దన్న సిద్ధాంతం మొత్తం, సగం గీతతో సహా, సీనియర్ విద్యార్థి దర్జాతో వివరించాను. ఆయన కళ్ళు మెల్లగా వెలిగాయి. ఆయనకు అర్థమైపోయింది.

"అంటే పైనుండే మడి ఎక్కువ తాగితే కింద మడికి చాలదు. అంతేనా?"

"అంతే నాయనా."

"ఇప్పుడు మీ క్లాసులో పై మడి ఎవురు?"

నేను చెల్లెలి వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు, ఆ ఏడు అన్ని పరీక్షల్లోనూ మొదటి పేరు ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు. నాయన పెద్దగా నవ్వాడు, బరువు దిగిన మనిషి నవ్వే నవ్వు. "ఓరినీ, అయితే మన బాయి నీళ్ళే కదరా! ఊరికినే బయపెట్టినావే" అన్నాడు. చెల్లెలి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "పాపా, నువ్వు ఈ ఒక్కదాంట్లో రవ్వంత తగ్గు మా. నీకు అన్నిట్లో వస్తానే ఉండాది. నువ్వు గెనిమ కొంచిం తెంపితే వాడి మడి తడస్తాది. వాడు గట్టెక్కితే చాలు" అన్నాడు. మడి గట్టును మా వైపు గెనిమ అంటారు. అమ్మ పొట్టు చెరుగుతూ, "అది కష్టపడి సదువుకుండేదాన్ని తగ్గమంటావేంది?" అంది. "ఆడపిల్లకి ఒగ దాంట్లో తగ్గితే ఏం మునిగిపోతాది?" అన్నాడాయన. అది ఆయన కఠినంగా అనలేదు. ఎండిన మడికి నీళ్ళు పెట్టే మనిషి ఎంత దయగా ఉంటాడో అంత దయగా అన్నాడు.

చెల్లెలు నాయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను ఒక కాయ వలిచాను. ఇంకో కాయ తీసుకున్నాను. నా వేళ్ళు కాయ మీద నుంచి రాలేదు, నా కళ్ళు వేళ్ళ మీద నుంచి లేవలేదు. "సరే నాయనా" అని ఆమె గొంతు వినిపించింది.

పరీక్ష రోజు ఆమె నాకు రెండు వరసల ముందు, కాస్త పక్కగా కూర్చుంది. ఆఖరున ఒక పెద్ద ప్రశ్న, ఇరవై మార్కులకు. రకరకాల విత్తనాలను వేరే వేరే చేలల్లో వేస్తే వచ్చిన దిగుబడుల నుంచి, ఏ రకం నిజంగా మేలో తేల్చమని. నేను దాన్ని చూసి కళ్ళు మూసుకున్నాను, అది నా బోటి వాళ్ళ కోసం కాదు. ఆమె మిగతావన్నీ రాసేసి, పెన్ను మూత పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సారు అటుగా వచ్చి, ప్రశ్న కాగితం మీద ఆ చివరి ప్రశ్నను వేలితో తట్టి చూపించారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకాసేపు అక్కడే నిలబడి వెళ్ళిపోయారు. వెనక కూర్చున్న నాకు అప్పుడు కలిగింది బాధ కాదు. అమ్మయ్య అనిపించింది. ఇంత వయసొచ్చి ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అనిపించింది అదే. గీత కిందికి దిగింది కదా అని మిగతా ప్రశ్నలు హుషారుగా రాశాను.

పాసయ్యాను. ఆమెకు అన్నిట్లోనూ ఏ గ్రేడు, ఇందులో మాత్రం బీ. నేను కృతజ్ఞత తెలిసిన మనిషిని కదా, స్టాటిస్టిక్స్ సారు గదికి థాంక్స్ చెప్పడానికి వెళ్ళాను. గీత కాస్త కిందికి గీసినందుకు. ఆయనకు ముందు అర్థం కాలేదు. నేను వివరించాను. సగటులు చెప్పే మనిషికి సగం గీత గురించి పాఠం చెప్పాను.

"ఎవురప్పా నీకీ కథ సెప్పింది?" అన్నారాయన. "యాభై వస్తే పాసు. ఎవురికి ఎన్ని వచ్చినా యాభై అంటే యాభయ్యే. నీకు యాభయ్యారు వచ్చినాయి, అవి నువ్వు రాసి తెచ్చుకున్నవి. ఆ పాపకు నూటికి నూరు వచ్చున్నా నీకు యాభయ్యారే." తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ ఆఖరి ప్రశ్న నేను పెట్టిందే ఆ పాప కోసరం. విత్తనాలంటే దానికి ప్రాణం కదా. ఎందుకు ఇడిసిపెట్టిందో" అన్నారు.

ఆమె మళ్ళీ రాయడానికి వీలుంటుందా సార్ అని అడిగాను. లేదన్నారు. తప్పినవాళ్ళకు మళ్ళీ రాసుకునే వీలుంది, పాసైనవాళ్ళకు లేదు, వచ్చిన గ్రేడు వచ్చినట్టే. నా బోటివాడికి రెండో వంతు ఉంది, ఆమెకు లేదు. హాస్టలుకు వచ్చి మంచం ఎత్తి, కాలి కింద నుంచి ఆ నీలం పుస్తకం లాగాను. మధ్యలో ఎక్కడో కాదు, మొదటి పేజీలు దాటగానే ఉంది యాభై అని. ఆ సాయంత్రమే ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గరికి పోయి చెల్లెల్ని పిలిపించాను, అంతా చెప్పేద్దామని. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏంన్నా?" అంది. "ఏం లేదు, తిన్నావా?" అన్నాను. తిన్నానంది. తిరిగి వచ్చేశాను.

నాయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మమ్మల్నిద్దర్నీ కాణిపాకం తీసుకుపోయి వినాయకుడికి కొబ్బరికాయ కొట్టించాడు. ఆ దేవుడి ముందు అబద్ధం నిలవదని మా వైపు నమ్మకం, తగవులొస్తే అక్కడికే వచ్చి ప్రమాణాలు చేస్తారు. నేను నోరు తెరవలేదు కాబట్టి అబద్ధమాడినట్టు కాదని నాకు నేను చెప్పుకున్నాను. నాయన మాత్రం దారిలో కనపడ్డ ప్రతి మనిషికీ, "ఒగటే బాయి, ఇద్దురికీ సరిపోయింది" అని చెప్పుకుంటూ వచ్చాడు. కన్ను మూసేదాకా ఆయనకు అదే నమ్మకం. నాలుగేళ్ళు పూర్తయ్యాక విత్తనాల విభాగంలో పై చదువుకు ఉన్న ఒక్క సీటూ ఇంకొక అమ్మాయికి పోయింది. చెల్లెలి సగటుకూ ఆ అమ్మాయి సగటుకూ తేడా చుక్క తర్వాత రెండో అంకెలో. నేను స్టాటిస్టిక్స్ రెండుసార్లు చదివినవాణ్ణి, ఆ "బీ" స్థానంలో "ఏ" పెట్టి లెక్క కట్టడం నాకు చేతనయింది. కట్టకుండా ఉండాల్సింది. చెల్లెలు తర్వాత బ్యాంకులో రైతుల అప్పులు చూసే ఉద్యోగంలో చేరింది, బాగా చేసింది, బాగా బతికింది. పీలికలు కట్టిన చెట్ల మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇన్నేళ్ళూ నేను ఒక నమ్మకంతో బతికాను. ఆమె అమాయకంగా నా మాట నమ్మి మోసపోయిందని. నా సిగ్గు అంతా ఆ కొలతకు కుట్టించుకున్నదే. పోయిన వారం అది కూడా పోయింది. భోజనాలయ్యాక మేనకోడలు ఫోన్లో నిబంధనలు పైకి చదువుతోంది. పాసుకు ఇన్ని మార్కులు అన్న చోట ఆగి, "అమ్మా, మీ కాలంలో కూడా ఇట్లేనా?" అని అడిగింది. "ఇట్లే. చేరిన రోజే సదివినా ఆ పుస్తకం, ఈ అట్ట కాడినుంచి ఆ అట్ట దాకా" అంది చెల్లెలు, తమలపాకుకు సున్నం రాస్తూ.

ఆ పిల్ల లోపలికి వెళ్ళేదాకా ఆగాను. "చేరిన రోజేనా?" అన్నాను.

"ఊఁ."

"అయితే నేను నాయనకు చెప్పింది తప్పని నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"మరి తెలిసి ఎందుకు వదిలేసినావు?"

ఆమె ఆకు మడిచి నా చేతికిచ్చింది. కోపం లేదు, ఎప్పటి మొహమే. "నేను అది రాసి మార్కులు తెచ్చుకోని, నువ్వు మళ్ళ తప్పినావనుకో న్నా, నాయన ఏమనుకుంటాడు? దీని వల్లే వాడు పోయినాడని కదా. బతికినన్నాళ్ళూ ఆ మాట నేను మోయాల. పుస్తకంలో ఇట్ల లేదని నేను చెప్తే నమ్ముతారా, నువ్వు అంత బాగా చెప్పినాక?" సున్నం డబ్బాకు మూత పెట్టి, నవ్వుతూనే అంది. "నువ్వన్నా వద్దు నాయనా అంటావేమో అని చూసినా. నువ్వు కాయలు వలస్తా ఉంటివి."

ఆకు నోట్లో పెట్టుకున్నాను గానీ నమలలేకపోయాను. పొద్దున "మీ మామని అడగొద్దు" అని ఆమె నవ్వుతూ అన్న మాటకు అర్థం నా ఫెయిలని అనుకున్నాను. కాదు, నడవలో నేను నాయనకు చెప్పిన ఆ గీత కథ. తిరుగు బస్సులో అదే తలుచుకుంటూ కూర్చున్నాను. కిటికీ బయట చేలల్లో విత్తనాలు వేస్తున్నారు, ఇప్పుడు అన్నీ మిషన్లే, వలిచే చేతులు లేవు. నేను తప్పిన స్టాటిస్టిక్స్ ఏడాది తిరిగేసరికి మళ్ళీ వచ్చింది, కూర్చోబెట్టి రాయించుకుని గట్టెక్కించి పోయింది. నాయన అడిగి, చెల్లెలు నా వైపు తిరిగి, నేను ఒక్క మాట అంటే చాలిన ఆ క్షణం మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మళ్ళీ రాలేదు.